ఆక్యుపేషనల్ థెరపీలో సామాజిక న్యాయం, డీకలోనియల్ దృష్టి: తెలుగు నేల మీద పనిచేసే థెరపిస్టుకు వీటితో ఏం పని?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. హైదరాబాదులో బీఓటీ, అంటే జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవారు తమ రోజువారీ పనులు తిరిగి చేసుకోగలిగేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, చదివి, ప్రస్తుతం ఇంగ్లండులో ఎంఎస్సీ చేస్తున్నారు. అక్కడి తరగతుల్లో ‘ఆక్యుపేషనల్ జస్టిస్’ (పనులు చేసే అవకాశంలో న్యాయం), ‘డీకలోనియల్ దృక్పథం’ (వలస పాలన నుంచి వచ్చిన పాశ్చాత్య కొలబద్దలను ప్రశ్నించే చూపు) అన్న మాటలు తరచుగా వింటున్నారు. ఇవి అక్కడి విశ్వవిద్యాలయాల చర్చలకే పరిమితమా, రేపు తిరిగివచ్చి మనిషికి ఇరవై నిమిషాలు కూడా దొరకని ఓపీలో కూర్చున్నప్పుడు వీటివల్ల రోగికి ఒరిగేదేమైనా ఉందా, అసలు ఇది థెరపిస్టు చేయవలసిన పనేనా అన్నది మీ సందేహం.

నా సమాధానం ముందే చెబుతాను. ఒరుగుతుంది. అయితే ఆ ప్రయోజనం ఉపన్యాసాల్లో కనిపించేది కాదు, కేస్ షీటులో లక్ష్యాలు రాసే గడిలో కనిపించేది. ఏయే పనులు చేయగలిగితే ఈ మనిషి కోలుకున్నట్టు అని మనం నిర్ణయిస్తున్నామో, ఆ నిర్ణయానికి ఎవరి బతుకును కొలబద్దగా పెట్టుకున్నామో, అక్కడే న్యాయమైనా అన్యాయమైనా జరుగుతుంది. దీనికి ఇంకొక మాట జోడించాలి. పాశ్చాత్య కొలబద్దను తీసేసి దాని స్థానంలో ‘మన సంస్కృతి’ పేరుతో ఆస్తీ హోదా ఉన్న పైకులాల ఇంటి కొలబద్దను పెడితే మన దగ్గరకు వచ్చే రోగుల్లో ఎక్కువమందికి పరిస్థితి ఏమీ మారదు. మన దేశంలో డీకలోనియల్ చర్చ కులాన్ని పక్కన పెట్టి సాగితే అది సగం చర్చే. నేను ప్రభుత్వ ఆసుపత్రి పునరావాస విభాగంలోనూ, తర్వాత పల్లెల్లో సముదాయ ఆధారిత పునరావాస కార్యక్రమాల్లోనూ చాలాకాలం పనిచేశాను. ఇక్కడ రాసేది ఆ పనిలోంచి వచ్చిన అభిప్రాయమే.

ముందుగా ఆ మాటల సంగతి. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ విల్కాక్, కెనడాకు చెందిన ఎలిజబెత్ టౌన్‌సెండ్ 1990ల చివరి నుంచి ఆక్యుపేషనల్ జస్టిస్ అన్న భావనను అభివృద్ధి చేశారు. మనిషి ఆరోగ్యం అతడు రోజూ చేసే పనుల మీద, వాటిలో అతడికున్న ఎంపిక మీద ఆధారపడుతుందన్నది మన వృత్తి మొదటి నుంచీ నమ్మే విషయం. అలాంటప్పుడు ఆ పనులు చేసే అవకాశం ఒంట్లోని లోపం వల్ల కాక చట్టం వల్లో, పేదరికం వల్లో, నిర్వాసితత్వం వల్లో పోయినప్పుడు అది మన పరిధిలోకి రాదని చెప్పడం కుదరదన్నది వారి వాదన. తనకు అర్థవంతమైన పనులకు మనిషి తన చేతిలో లేని కారణాల వల్ల చాలాకాలం దూరమయ్యే స్థితి గురించి గెయిల్ వైట్‌ఫర్డ్ 2000లో రాశారు. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కూడా 2006లో మానవ హక్కుల మీద తన విధానాన్ని ప్రకటించింది. 1952లో ఆ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి కనుక, ఆ ప్రకటన మనకు పరాయిది కాదు.

ఇదంతా గాలిలో మాటలుగా అనిపిస్తే పోలవరం ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు తరలిన కోయ, కొండరెడ్డి కుటుంబాలను గుర్తుచేసుకోండి. కాలనీలో సిమెంటు ఇల్లు ఉంటుంది, కరెంటు ఉంటుంది. కానీ తునికాకు కోత, విప్పపువ్వు ఏరడం, పోడు, ఏటిలో చేపల వేట, వీటితో ముడిపడిన పండుగలు, ఎవరు ఏ పని ఎప్పుడు చేయాలన్న వరస, ఇవన్నీ వెనకబడిపోయాయి. అలాంటి కాలనీ నుంచి నిద్రపట్టడం లేదనీ, ఒళ్లంతా నొప్పులనీ నడివయసు మనిషి ఓపీకి వస్తే మనం వ్యాయామం చెప్పవచ్చు, నిద్ర అలవాట్ల గురించి చెప్పవచ్చు. అవి తప్పు కాదు. కానీ ఆయన రోజంతా చేయడానికి పనేమీ లేదన్న విషయం కేస్ షీటులో ఎక్కడా లేకపోతే, జబ్బుకు మూలమైన దాన్నే మనం వదిలేసినట్టు.

ఇక డీకలోనియల్ మాట పాశ్చాత్యుల ఫ్యాషన్ అన్న అనుమానం. మీరు వింటున్నది ఇంగ్లండులో కాబట్టి అలా అనిపించడం సహజమే గానీ ఈ చర్చకు బలం వచ్చింది వేరే చోట్ల నుంచి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలెల్వానీ రాముగొండో, వర్ణవివక్ష గాయాలున్న సమాజంలో థెరపీ ఎలా ఉండాలని అడుగుతూ, మనుషులు కలిసి చేసే పనులను ఒంటరి మనిషి పనుల లెక్కలోకి కుదించకూడదని వాదించారు. బ్రెజిల్‌లో వైద్య వ్యవస్థకు వెలుపల, వీధి పిల్లలతోనూ పేదల బస్తీలతోనూ పనిచేసే సామాజిక ఆక్యుపేషనల్ థెరపీ ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. 1998లో అక్కడి విశ్వవిద్యాలయాల్లోని కొందరు కలిసి మెటుయా అనే బృందాన్ని ఏర్పరచుకున్నారు. మైఖేల్ ఇవామా జపాన్ థెరపిస్టులతో కలిసి రూపొందించి 2006లో వెలువరించిన కావా నమూనా, మనిషి బతుకును నదితో పోల్చి చూసేది, మనిషిని పరిసరాల నుంచి విడదీసి చూడదు. పనులన్నిటినీ స్వీయ సంరక్షణ, ఉత్పాదకత, విరామం అని మూడు గళ్లుగా విడగొట్టడం పాశ్చాత్య మధ్యతరగతి అలవాటని తమ వృత్తినే నిలదీసినవారు కెనడాకు చెందిన కరెన్ వాలీ హామెల్. మిరప చేలో కాయ కోస్తూ, పక్క సాలులోని వదినతో ఇంటి సంగతులు మాట్లాడుకుంటూ, గట్టున చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెట్టిన మనవరాలిపై ఓ కన్నేసి ఉంచే మనిషిని ఆ మూడు గళ్లలో ఎక్కడ రాస్తారు?

మన దగ్గర ఈ వృత్తి ఎలా మొదలైందో తెలిస్తే ఈ చర్చ మనకెందుకో మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో 1917లో క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో కొద్దిమంది కలిసి తొలి సంఘాన్ని పెట్టారు. మన దేశంలో 1918లో రాంచీలో ఏర్పడిన మానసిక వైద్యశాల యూరోపియన్ రోగుల కోసం పెట్టినది. 1920లలోనే అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ విభాగం మొదలైంది. అంటే ఈ చికిత్స మన గడ్డ మీదికి మొదట పాలకుల కోసం వచ్చింది. అందరికీ అందే శిక్షణగా అది రూపు దిద్దుకోవడం 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ తొలి పాఠశాలను స్థాపించాకే. అమెరికాలో పుట్టి, ఇక్కడి కుటుంబంలోకి కోడలిగా వచ్చి, ఈ వృత్తిని ఇక్కడ నిలబెట్టడానికి ఆమె పడిన శ్రమ పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది.

అదే కాలంలో పనికి మరొక ముఖం కూడా ఉండేది, దాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం గురించి తెలుగువారందరూ వినే ఉంటారు, ఎక్కువగా చెడ్డ పేరుతోనే. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఆధారంగా మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటు అది. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. అక్కడివారికి హాజరు పట్టీ ఉండేది, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, వ్యవసాయం, చీరాల పొగాకు ఫ్యాక్టరీ పని వంటివి ‘సంస్కరణ’ పేరుతో చేయించారు. తరతరాలుగా ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి చేసుకునే వ్యాపారం, బుట్టల అల్లిక, సోది చెప్పడం, ఈ పనులన్నిటి నుంచీ ఒక సమూహాన్ని తప్పించి, నచ్చినా నచ్చకపోయినా చేయవలసిన పనిలో పెట్టి దానికి బాగుచేయడం అని పేరు పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది, నింద మాత్రం ఇంకా పోలేదు. పని మనిషిని బాగుచేస్తుందన్న నమ్మకం మీదనే మన వృత్తి నిలబడింది. ఆ నమ్మకానికి ఎంపిక తోడు లేకపోతే అది ఎటు దారితీస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

ఇది పాత కథ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక వైద్యశాలల్లో రోగుల చేత బలవంతంగా పని చేయించరాదనీ, పని చేస్తే తగిన వేతనం ఇవ్వాలనీ ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. వార్డు ఊడ్పించడం, వంటశాలలో కూరగాయలు తరిగించడం వంటివి ‘ఓటీ యాక్టివిటీ’ (ఆక్యుపేషనల్ థెరపీలో భాగమైన పని) కింద రికార్డుల్లో చేరడం ఎక్కడైనా చూస్తే, ఆ చట్టం ఏం చెబుతోందో మీ విభాగాధిపతికి మర్యాదగానే, కానీ రాతపూర్వకంగా గుర్తుచేయండి.

ఇప్పుడు కొలబద్దల దగ్గరికి వద్దాం. రోజువారీ పనుల్లో రోగికి ఎంత సాయం కావాలో కొలవడానికి 1965లో వెలువడి ప్రపంచమంతా వాడే బార్తెల్ సూచిలో భోజనం అన్న అంశం కింద, ముక్కలు కోయడానికి, వెన్న రాయడానికి సాయం కావాలా అని ఉంటుంది. నేల మీద కూర్చుని లేవడం అందులో లేదు. గొంతుకూర్చుని మరుగుదొడ్డి వాడటం లేదు. బిందె ఎత్తడం, చీర కుచ్చిళ్లు పోయడం లేవు. అందుకని ఆ సూచిని పారేయమని నేను చెప్పను. ఇతర ఆసుపత్రుల ఫలితాలతో పోల్చడానికి, బీమాకు, పరిశోధనకు అది కావాలి. దాని పక్కన ఆ మనిషి ఇంటికి సంబంధించిన అయిదారు పనులను విడిగా రాసుకుని, మొదటి రోజున, పంపించే రోజున రెంటినీ చూసుకోవాలి.

కుడిచెయ్యి పడిపోయిన రోగికి ఎడమచేత్తో తినడం నేర్పడం పుస్తకంలో చాలా తేలికైన విషయం. మన దగ్గర అది తేలిక కాదు. ఇన్నేళ్లుగా శౌచానికి వాడిన చేతిని అన్నంలో పెట్టమంటే చాలామంది పెద్దవాళ్లకు ముద్ద దిగదు. దాన్ని ‘సహకరించడం లేదు’ అని రాయడం నేను చూశాను. నేను అనుసరించే వరస ఇలా ఉంటుంది. మొదట శౌచం సంగతి చూస్తాను. గోడకు పైపు స్ప్రే పెట్టించి, చెయ్యి తగలవలసిన అవసరాన్ని వీలైనంత తగ్గిస్తాను, ఆ తర్వాత సబ్బుతో చెయ్యి కడుక్కోవడం ఒంటిచేత్తో ఎలాగో నేర్పుతాను. గోడకు వేలాడదీసిన జాలీ సంచిలో సబ్బు వేస్తే ఒక్క చెయ్యి చాలు. అప్పుడు గానీ భోజనం జోలికి వెళ్లను. వెళ్లినా ఎడమచేతికి లావుపాటి పిడి ఉన్న చెంచానే ఇస్తాను, చేతినే ముద్ద కలపమనను. ముద్ద ఇంట్లోవాళ్లు కలిపి పెడితే ఆయన చెంచాతో తీసుకోవచ్చు. కుడిచేతిలో కొంత కదలిక తిరిగివచ్చాక, మొదటి ముద్ద ఒక్కటైనా కుడిచేత్తో, ఎడమచెయ్యి ఆసరాగా పట్టి నోటికి చేర్చడం సాధన చేయిస్తాను. ఈ వరస మార్పుకు అదనంగా పట్టే సమయం చాలా తక్కువ.

వస్తువుల్లోనూ ఇంతే. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన కృత్రిమ పాదం ఇందుకు మంచి నిదర్శనం. అప్పటివరకు దొరికిన విదేశీ పాదాలకు బూటు తప్పనిసరి, వాటితో గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, ఉత్త కాళ్లతో మడిలో నడవడం కుదరవు. జైపూర్ పాదంతో అవి కుదిరాయి, ఎందుకంటే దాన్ని చేసినవారు కొలిచినది రైతు నడకను. అందులో బడి చదువు పెద్దగా లేని చేతిపనివాడి నేర్పుకు, శస్త్రవైద్యుడి పరిజ్ఞానానికి సమానమైన పాలు ఉంది. పునరావాస రంగంలో ఎవరి తెలివిని తెలివిగా లెక్కపెడతామన్న ప్రశ్నకు కూడా ఆ జంట మంచి జవాబే.

ఒక కేసు కొంచెం వివరంగా చెబుతాను. గుర్తుపట్టడానికి వీలులేకుండా వివరాలు మార్చాను. కృష్ణా డెల్టాలో నాట్లకు వెళ్లే కూలీ మహిళ, పక్షవాతంతో ఎడమవైపు బలహీనపడింది. అప్పటికే కేస్ షీటులో లక్ష్యాలు రాసి ఉన్నాయి: ఇంట్లో ఆసరా లేకుండా నడవడం, బట్టలు కట్టుకోవడం, స్టవ్ మీద వంట. వంట సంగతి అడిగితే ఆమె చెప్పిన జవాబు, “వంట మా కోడలు చేస్తదమ్మా, నన్ను ముఠాలో ఉంచితే చాలు.” ముఠా అంటే ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, కలిసి నాట్లు వేసి, వచ్చినది పంచుకునే కూలీల జట్టు. ఆమె డబ్బు, ఆమె స్నేహాలు, ఊళ్లో ఆమె మాటకున్న విలువ అన్నీ ఆ ముఠాతోనే ఉన్నాయి.

నాటు వేయడం ఏమిటో ఒకసారి థెరపిస్టు కళ్లతో చూడండి. ఎడమచేతిలో నారుకట్ట పట్టుకోవాలి, కుడిచేత్తో నాలుగేసి పరకలు విడదీసి బురదలో గుచ్చాలి, నడుము వంచినది వంచినట్టే ఉంచి వెనక్కి అడుగులు వేయాలి, పక్కవాళ్లతో సమానంగా సాగాలి. వెనకబడితే వరస చెడుతుంది, అందరి కూలీ ఆలస్యమవుతుంది. ఎడమచెయ్యి పట్టు, బురదలో వెనక్కి అడుగు, ఈ రెండూ ఆమెకు ఆ ఏడాదిలో తిరిగివస్తాయన్న ఆశ లేదు. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాం. అయితే అదే ముఠా వేసవి ముందు మిరపకోతకు కూడా వెళుతుంది. కాయ కోయడానికి ఒక్క చెయ్యి చాలు, కూలీ కోసిన తూకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆమె నెమ్మది ఇంకొకరికి నష్టం కాదు. కాబట్టి లక్ష్యాలు మారాయి. ఎగుడుదిగుడు గట్టు మీద నడక, కొంగును ఒంటిచేత్తో ఒడిలా దోపుకోవడం, కింద కూర్చుని లేవడం, ఎండలో ఎంతసేపు నిలబడగలదో చూసుకుని విరామం తీసుకోవడం. ఒకరోజు ముఠా మేస్త్రీని, ఇద్దరు తోటి కూలీలను కూర్చోబెట్టి ఆమెకు ఏది సాధ్యమో, ఏది ప్రమాదమో చెప్పాం. నాట్లలో ఆమెకు పాలు రాలేదు, మిరపకోతలో వచ్చింది. మునుపటి సంపాదన కంటే అది తక్కువే. కానీ తెల్లవారుజామున ఆటోలో వాళ్లతో కలిసి వెళ్లే మనిషిగానే మిగిలింది. కలిసి చేసే పనుల గురించి దక్షిణాఫ్రికా వాళ్లు రాసినది నాకు బాగా అర్థమైనది ఈ కేసులోనే.

ఇక కులం. ఇక్కడ విదేశీ పుస్తకాలు మీకు అట్టే సాయం చేయలేవు, మీరే ఆలోచించాలి. కులవ్యవస్థ శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడానని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. పనికీ మనిషి విలువకూ ఇంత గట్టి ముడి వేసిన సమాజంలో, పనినే మందుగా ఇచ్చే వృత్తి మనది. అమెరికన్ పాఠ్యక్రమం నుంచి మన విభాగాలకు వచ్చిన చేతిపనుల్లో తోలుపని, బుట్టల అల్లిక, నేత ముఖ్యమైనవి. అక్కడి పుస్తకంలో అవి వేళ్ల కదలికలు, రెండు చేతుల సమన్వయం, ఏకాగ్రత పెంచే సాధనాలు మాత్రమే. ఇక్కడ తోలు ముట్టుకున్నందుకే తరాలపాటు ఊరి బయట ఉంచబడిన కుటుంబంలోంచి చదువుకుని పైకొచ్చిన కుర్రవాడి చేతిలో తోలుముక్క, సూది పెడితే అతడికి ఏం వినిపిస్తుందో ఊహించండి. ఎరుకల ఇంటి మనిషికి బుట్టల కిట్టు ఇచ్చినా అంతే. అదే మనిషి తనకు తానుగా, “మా అమ్మ అల్లేది, నాకూ నేర్పండి” అంటే అది పూర్తిగా వేరే సంగతి, సంతోషంగా చేయించాలి. అడగకుండా మనం అంటగట్టడంలోనే ఉంది అన్యాయమంతా. వేళ్లకు అదే కదలిక ఇచ్చే పని ఇంకేదైనా ఎంచుకోవచ్చు. సెల్‌ఫోన్ రిపేరులో మరలు విప్పి బిగించడం పించ్ గ్రిప్‌కు, అంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే పట్టుకు, తోలుకుట్టు కంటే ఏ రకంగానూ తీసిపోదు.

దీనికంటే కష్టమైనది ‘తిరిగి పనిలో చేర్చడం’ అన్న లక్ష్యం. మన రంగంలో దాన్ని అత్యుత్తమ ఫలితంగా భావిస్తాం. పారిశుద్ధ్య కార్మికుడి భుజానికి గాయమైనప్పుడు, అతణ్ణి మళ్లీ అదే మురుగు కాలువ దగ్గరికి పంపగలిగితే మన రికార్డులో అది విజయం. ఒక కాంట్రాక్టరు తరఫు మనిషి నా దగ్గరికి వచ్చి అడిగినదీ అదే, ఎన్ని రోజుల్లో దిగగలడు అని. కార్మికుణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగితే, తనకు ఆ పని వద్దని, కానీ కూలీ పోతే పిల్లల ఫీజు ఆగిపోతుందని చెప్పాడు. ఈ రెండో వాక్యాన్ని వినకుండా మొదటిదాన్నే పట్టుకుని గొప్ప నిర్ణయాలు చేయడానికి మనకు హక్కు లేదు. మేం చేసినది ఇంతే. రక్షణ సామగ్రి లేకుండా కాలువలోకి దింపరాదని ఫిట్‌నెస్ నివేదికలో స్పష్టంగా రాశాం. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించి, అందులో ఉన్నవారి పునరావాసానికి ఏర్పాటు చేసిన 2013 చట్టం గురించి, దాని కింద ఒక్కసారి ఇచ్చే 40,000 రూపాయల సాయం గురించి, స్వయం ఉపాధి రుణాల గురించి అతడికీ అతడి భార్యకూ చెప్పి, దరఖాస్తుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపాం. అతడు ఏ దారి ఎంచుకోవాలన్నది అతడికే వదిలేశాం.

‘స్వతంత్రత’ గురించి కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం. ప్రతి పనీ ఒంటరిగా చేయగలగడమే ఆరోగ్యమన్న భావన మన ఇళ్లకు అతకదని డీకలోనియల్ రచనలు చెబుతాయి, అది నిజం. ముసలాయనకు కొడుకు స్నానం చేయించడం మన దగ్గర లోపం కాదు. కానీ ఆ మాట చెప్పి ఊరుకుంటే, ఆ చాకిరీ అంతా ఎవరి మీద పడుతోందో కనిపించదు. నేను చూసిన ఇళ్లలో దాదాపు ప్రతిసారీ అది కోడలి మీదో, బడి మానిపించిన కూతురి మీదో పడుతుంది. అదే ఇంట్లో ఆడమనిషికి జబ్బు చేస్తే మాత్రం త్వరగా వంటగదిలోకి పంపమని అడుగుతారు. పరస్పర ఆధారం మంచిదే, అది పరస్పరమైనప్పుడు. కాబట్టి సాయం చేసే మనిషిని కూడా విడిగా కూర్చోబెట్టి ఆమె రోజంతా ఎలా గడుస్తోందో అడిగి రాసుకోండి. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చే పద్ధతిని ఇంట్లోని మగవాళ్లకు కూడా నేర్పండి.

తెలుగు మాట్లాడే థెరపిస్టుగా మీరు అన్నిచోట్లా అణచివేతకు గురైన పక్షాన ఉంటారని కూడా అనుకోకండి. పాడేరు, భద్రాచలం వైపు వెళితే మన తెలుగే పెత్తనం చేసే భాష. ఇంట్లో కోయ, కువి మాట్లాడే పిల్లవాడు తెలుగులో చెప్పిన సూచనను అందుకోలేకపోతే అది బుద్ధిమాంద్యం కాదు. పరీక్ష పెట్టే ముందు వాళ్ల భాష తెలిసిన ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో పక్కన కూర్చోబెట్టుకోవాలి. హైదరాబాదులోని కొన్ని థెరపీ కేంద్రాల్లో తెలుగు పిల్లలకు జరుగుతున్నదీ దీనికి దూరమేమీ కాదు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని సలహా పొందిన తల్లులు, తమకు సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడలేక, మాట్లాడటమే తగ్గించుకోవడం చూశాను.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. డీకలోనియల్ అంటే ఆధారాలను తోసిపుచ్చడం కాదు. పక్షవాతానికి పావురం రక్తంతో మర్దన చేయించడానికి ఇప్పటికీ రోగులను తీసుకువెళుతున్నారు. దానివల్ల ఉపయోగం లేదు, పైగా మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి ఉన్న నాలుగున్నర గంటల వ్యవధి ఆ ప్రయాణంలోనే అయిపోతుంది. దాన్ని సంప్రదాయ జ్ఞానమని గౌరవించవలసిన పని లేదు. చేతిని సరైన స్థితిలో పట్టి ఉంచే స్ప్లింటు అవసరమైతే స్ప్లింటే వేయాలి. అదే సమయంలో, పిల్లల వేళ్ల నేర్పుకు వామనగుంటలు, అచ్చనగాయలు పనికివస్తే అవి మనవి కాబట్టి కాదు, ఇంట్లో రోజూ ఖర్చు లేకుండా సాగుతాయి కాబట్టి వాడాలి.

ఇరవై నిమిషాల ఓపీలో ఇదంతా ఎలా అన్నారు. అంతా కుదరదు. నేను వదలకుండా అడిగేవి మూడే: జబ్బుకు ముందు మామూలు రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎలా గడిచేది, అందులో ఏది పోయినందుకు ఎక్కువ బాధగా ఉంది, ఏది తిరిగి రాకపోయినా పరవాలేదు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే లక్ష్యాలను ఎక్కువగా మారుస్తాయి. తర్వాత కాగితాల పని. వైకల్య ధ్రువపత్రంతో వచ్చే చాలా ప్రయోజనాలకు 40 శాతం గీత ఉంది. సదరం శిబిరంలో ఆ శాతాన్ని కొలిచేది కీలు కదలికను, కండరాల బలాన్ని చూసి. అదే వేళ్ల నష్టం గుమాస్తాకు ఒకలా, పత్తి ఏరే మనిషికి ఒకలా ఉంటుందని ఆ లెక్కకు తెలియదు. ఆ శాతాన్ని మనం మార్చలేం, కానీ ఏ పని చేయలేకపోతున్నారో వివరంగా రాసిన ఓటీ నివేదిక అప్పీలులో పనికివస్తుంది. వికలాంగులు, ఎస్సీ ఎస్టీలు, మహిళలు 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయానికి అర్హులన్న సంగతి మీ విభాగం గోడ మీద తెలుగులో రాసిపెట్టండి. ఇది రాజకీయ కార్యకర్త పని కాదు. మూలకారణం మన చేతిలో లేనప్పుడు, దాన్ని చూసినవాళ్లుగా రాసిపెట్టి, ఎవరి చేతిలో ఉందో వాళ్లకు పంపడం వృత్తి బాధ్యతలో భాగమే.

మీ ఎంఎస్సీ పరిశోధనకు అంశం ఇంకా ఖరారు కాకపోతే ఒక సూచన. నేల మీద చేసే పనులు, పొలం పనులు కలుపుకున్న రోజువారీ పనుల కొలమానం తెలుగులో తయారుచేసి, వ్యవసాయ కూలీ మహిళలతో పరీక్షించడం అవసరమైన పని. అంశాల జాబితాను ముందుగా పుస్తకాల నుంచి తీసుకోకుండా, వాళ్లతో కూర్చుని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. దళితవాడలో, తండాలో, ఊరి మధ్యలో విడివిడిగా కూర్చోండి, ఎందుకంటే ఒకచోట అందరూ ఉంటే మాట్లాడేది కొందరే. నీళ్లు తెచ్చే దూరం, మరుగుదొడ్డి ఉన్న చోటు, పనికి వెళ్లే వాహనం, ఈ మూడూ అందులో తప్పక ఉండేలా చూడండి. నైతిక అనుమతి దరఖాస్తులో, ఫలితాలను తిరిగి ఆ ఊళ్లకు ఎలా చేరవేస్తారో కూడా రాయండి. మీ ముసాయిదా సిద్ధమైతే ఇక్కడే పెట్టండి, పొలం పనుల అంశాలు నేను చూసిపెడతాను.